దిగే ముందు రెండు రోజులు

కుటుంబమంతా కలిసి చేసే జలయాత్రకు ముందు నెలల తరబడి సాగే సన్నాహంలో టికెట్లు, సెలవులు, బట్టలు, పచ్చళ్లు, పొడులు, చివరికి బయలుదేరే ముహూర్తం దాకా అన్నీ చర్చకు వస్తాయి గాని, ఆ యాత్ర ఎలా ముగియాలన్న ప్రశ్న మాత్రం దాదాపు ఏ ఇంట్లోనూ చర్చకు రాదు. ముగింపు దానంతట అదే జరిగిపోతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ప్రయాణంలో మాట పట్టింపులు, మతిమరుపులు, అలసట, ఖర్చుల మీద గొణుగుడు ఎక్కువగా కనిపించేది ఆఖరి రెండు రోజుల్లోనే కాబట్టి, ఆ రెండు రోజులను మిగిలిన రోజుల తోకగా కాక, వేరే ఏర్పాటు అవసరమైన ఒక ప్రత్యేక భాగంగా చూడాలన్నది ఈ అధ్యాయం ప్రతిపాదన. ఇక్కడ జలయాత్ర అన్న మాట బస, భోజనం, వినోదం అన్నీ నౌకలోనే ఉండే సముద్రయానానికీ, ఒక పూట సాగే లాంచీ ప్రయాణానికీ కూడా వర్తిస్తుంది. రెండింటిలోనూ కుటుంబం ఒకే చోట, బయటికి పోయే వీలు లేకుండా గడుపుతుంది, రెండింటిలోనూ దిగే సమయం ప్రయాణికుల చేతిలో ఉండదు.

త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం సముద్రానికి దూరం. చెరువు నిండిందా, బోరులో నీరుందా అన్న ప్రశ్నలతో ఏడాది గడిచే ఈ మెట్ట ప్రాంతపు కుటుంబాలకు కనుచూపు మేర నీళ్ల మధ్య గడపడం సామాన్యమైన అనుభవం కాదు. వారికి అందుబాటులో ఉన్న జలయాత్రలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వరకు నల్లమల కొండల నడుమ కృష్ణానది మీద సుమారు 110 కిలోమీటర్లు, ఐదారు గంటల పాటు సాగే లాంచీ ప్రయాణం. జలాశయంలో నీరు తగినంత ఉన్న నెలల్లోనే ఇది నడుస్తుంది. రెండవది విశాఖపట్నం నుంచి సముద్ర నౌకలో వెళ్లడం. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ నౌక ఎంప్రెస్ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు నడిచిన తరువాత ఇది మధ్యతరగతి ఇళ్లలో కూడా మాటల్లోకి వచ్చింది. మూడవది అమెరికాలోనో మరో దేశంలోనో స్థిరపడిన పిల్లలు, తమను చూడవచ్చిన తల్లిదండ్రులను అక్కడి పెద్ద నౌకల్లో తిప్పడం. మూడింటి ఖర్చులూ హంగులూ వేరైనా, ముగింపులో ఎదురయ్యే చిక్కులు మాత్రం ఆశ్చర్యపడేంతగా ఒకటే.

ముగింపుకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం ఇచ్చిన జవాబుల్లో ప్రసిద్ధమైనది పీక్–ఎండ్ సూత్రం. ఒక అనుభవాన్ని గుర్తు చేసుకొనేటప్పుడు మనసు అందులోని ప్రతి నిమిషాన్నీ కూడి లెక్క వేయదనీ, అత్యంత తీవ్రమైన ఘట్టాన్నీ, చివరి ఘట్టాన్నీ పట్టుకొని మొత్తానికి విలువ కడుతుందనీ ఈ సూత్రం చెబుతుంది. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ప్రకటించిన ప్రయోగంలో 32 మంది ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీటిలో 60 సెకన్లు చేయి ఉంచారు. మరొకసారి అలాగే 60 సెకన్లు ఉంచి, దానిపైన మరో 30 సెకన్లు నీరు మెల్లగా 15 డిగ్రీలకు చేరేదాకా ఉంచారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారని అడిగినప్పుడు 22 మంది ఎక్కువసేపు బాధపెట్టిన రెండో దాన్నే కోరుకున్నారు, ఎందుకంటే దాని చివర కొంచెం నయంగా ఉంది.

అయితే ఈ సూత్రాన్ని పట్టుకొని చివరి రోజున ఏదో ఒక ఘనకార్యం చేస్తే యాత్ర అంతా మధురమైపోతుందని అనుకోవడం తొందరపాటు. 2008లో సైమన్ కెంప్, ఆయన సహచరులు రోజుల తరబడి సాగిన సెలవుల మీద చేసిన పరిశీలనలో ఈ సూత్రం అంత గట్టిగా నిలవలేదు. మొత్తం సెలవు మీద జనం ఏర్పరచుకొనే అభిప్రాయాన్ని అంచనా వేయడానికి, మామూలుకు భిన్నంగా గడిచి బాగా గుర్తుండిపోయిన ఒక రోజు కూడా పనికివచ్చింది. నెదర్లాండ్స్‌లో యెరూన్ నావైన్, ఆయన సహచరులు 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది: సెలవు నుంచి తిరిగివచ్చాక కూడా కొంతకాలం అదనపు సంతోషం నిలిచింది, తమ సెలవు చాలా ప్రశాంతంగా గడిచిందని చెప్పినవారికి మాత్రమే. ఈ మూడింటినీ కలిపి చూస్తే తేలేది ఏమిటంటే, చివరి రోజులకు హంగు అక్కరలేదు, ప్రశాంతత కావాలి. ఆఖరి రోజున కొత్త ఆనందాన్ని చేర్చడం కంటే అప్పటిదాకా పొందిన ఆనందం చెడకుండా చూసుకోవడమే ముఖ్యం.

తెలుగువారి యాత్రా సంప్రదాయం ఈ విషయాన్ని తనదైన పద్ధతిలో ముందే గ్రహించినట్టు కనిపిస్తుంది. శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారంగా పేరొందిన త్రిపురాంతకంలో కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుణ్ణి, చెరువులోని బాలాత్రిపురసుందరిని దర్శించి ముందుకు సాగడం పాత యాత్రికుల వరుస. అంటే గమ్యానికి వాకిలి ఉన్నట్టే, యాత్రలో లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ ఒక క్రమం ఉండేది. కాశీ వెళ్లి వచ్చినవారు సమారాధన చేసి బంధుమిత్రులకు భోజనం పెడితే గాని యాత్ర పూర్తయినట్టు భావించేవారు కాదు. శ్రీకాళహస్తిలో పూజ ముగించినవారు ఎవరింటికీ వెళ్లకుండా నేరుగా ఇల్లు చేరాలన్న ఆచారం నేటికీ ఉంది. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో తిరుగు దారి మజిలీలను కూడా వెళ్లేటప్పటి శ్రద్ధతోనే నమోదు చేశారు. తిరుగు ప్రయాణమంటే యాత్రలో మిగిలిపోయిన చెత్త భాగమన్న భావన, వేగంగా ఇల్లు చేర్చే వాహనాలు వచ్చాక పుట్టినదే అనుకోవాలి.

చివరి రోజుల చిక్కుల్లో అన్నిటికంటే తక్కువగా గుర్తింపు పొందినదీ, ఎక్కువ శ్రద్ధ అవసరమైనదీ ఒకటుంది. కుటుంబంలో అందరి సెలవూ ఒకే రోజున ముగియదు. ఇల్లాలి సెలవు మిగిలినవారికంటే ఒకటి రెండు రోజులు ముందే ముగిసిపోతుంది. పిల్లలు నౌక పైఅంతస్తులో ఈదుతూ ఉండగా, భర్త ఒడ్డు కనిపిస్తున్నదేమోనని రెయిలింగు పట్టుకొని చూస్తూ ఉండగా, ఆమె మనసులో మాసిన బట్టల లెక్క, మర్నాడు పొద్దున టిఫిను, పాలవాడికి చెప్పాల్సిన మాట, పిల్లల యూనిఫాం, అత్తగారి మందుల చీటీ వరుసగా వచ్చి నిలబడతాయి. ఆమె కుర్చీలో కూర్చున్నా, ఎదుట అంత సముద్రం ఉన్నా, అప్పటికే తన వంటింట్లో ఉన్నట్టే లెక్క. ఈ స్థితిని చూసి ‘ఇంకా రెండు రోజులుంది కదా, హాయిగా ఉండొచ్చు కదా’ అని సలహా ఇవ్వడం వల్ల భారం తగ్గకపోగా, తాను హాయిగా ఉండలేకపోతున్నానన్న నొచ్చుకోలు అదనంగా చేరుతుంది.

దీనికి పరిష్కారం ఓదార్పు మాటల్లో లేదు, పనుల పంపకంలో ఉంది. ఆ పంపకం కూడా ప్రయాణం చివర్లో కాక, బయలుదేరక ముందే జరిగితే మేలు. తిరిగివచ్చిన మొదటి రోజు ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేకుండా ఆ పూట భోజనం ఎక్కడి నుంచి తెప్పించాలో, దాన్ని ఎవరు తెస్తారో ముందే నిర్ణయించుకోవాలి. పాలూ పెరుగు తోడూ పక్కింటివారికి చెప్పి ఉంచడం, మాసిన బట్టల్లో సగం ప్రయాణంలోనే ఉతికించడం, ఉతకని వాటిని వేరే సంచిలో కట్టి ఇంటికి చేరగానే ఎవరు నానబెట్టాలో పేరు పెట్టి చెప్పడం చిన్న పనులే గాని, ఇల్లాలి మనసులోని వరుసను చాలావరకు చెరిపేవి ఇవే. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్లలో, ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధుల్లో నీటి విషయం మరీ ముఖ్యం. సంపు నింపించే బాధ్యతను, తాగే నీటి క్యాను తెప్పించి పెట్టే బాధ్యతను ఊళ్లో ఉన్న ఒక మనిషికి అప్పగించి, ఆ పని జరిగిందన్న కబురు దిగే ముందురోజే అందేలా చూసుకుంటే, ఖాళీ బిందెల ఇంట్లో అర్ధరాత్రి అడుగుపెట్టే దిగులు తప్పుతుంది.

సముద్ర నౌకల్లో చివరి సాయంత్రానికి ఒక ప్రత్యేక నియమం ఉంటుంది, అది తెలియక ఇబ్బంది పడే పెద్దవారు ఎక్కువ. చాలా పెద్ద నౌకల్లో మర్నాడు దిగవలసినవారి పెద్ద పెట్టెలకు ఆ రాత్రే చీటీలు కట్టి గది తలుపు బయట ఉంచమంటారు. సిబ్బంది వాటిని రాత్రంతా పోగుచేసి ఒడ్డుకు చేరాక అప్పగిస్తారు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, కళ్లజోడు, కట్టుడు పళ్ల డబ్బా, పాస్‌పోర్టు, మర్నాటి బట్టలు, చివరికి చెప్పులు కూడా పొరపాటున ఆ పెట్టెలో వెళ్లిపోతే మర్నాడు ఒడ్డుకు దిగేదాకా చేతికి రావు. ఉదయం మాత్ర వేసుకోవలసిన తండ్రి, రాత్రి పదకొండు గంటలకు వరండా పొడవునా వరుసగా నిలబెట్టిన నల్లటి పెట్టెల మధ్య వంగి తన పెట్టె వెతుక్కోవలసి రావడం ఏ కుటుంబానికీ మంచి ముగింపు కాదు. అందువల్ల పెట్టెలు సర్దడాన్ని చివరి సాయంత్రానికి వదలకుండా ముందురోజు మధ్యాహ్నమే మొదలుపెట్టి, ప్రతి పెద్దవారికీ ఒక చేతిసంచి వేరుగా సర్ది, అందులో ఏమేమి ఉన్నాయో వారి చేతనే ఒకసారి తీయించి పెట్టించాలి. ఇతరులు సర్దిన సంచిలో ఏది ఎక్కడుందో పెద్దవారికి అవసరానికి గుర్తురాదు కాబట్టి ఈ చివరి మాటను తేలికగా తీసుకోకూడదు.

డబ్బు లెక్కలు కూడా ఇదే రోజున తేల్చుకోవడం మంచిది. నౌకలో చేసే ఖర్చులు చాలావరకు గది ఖాతాలో పేరుకొని చివర్లో ఒక్క బిల్లుగా వస్తాయి. సిబ్బందికి ఇచ్చే రుసుము, పిల్లలు తాగిన పానీయాలు, తీయించుకున్న ఫొటోలు అన్నీ అందులో ఉంటాయి. దిగే రోజు ఉదయం పొడవాటి వరుసలో నిలబడి ఆ బిల్లు మొదటిసారి చూసిన మనిషి నోట వచ్చే మాట, అన్నదమ్ముల మధ్యనైనా, భార్యాభర్తల మధ్యనైనా, చాలాకాలం గుర్తుండే మాటగా మారే ప్రమాదం ఉంది. ఒక రోజు ముందే ఆ పద్దు తెప్పించి చూసుకుంటే పొరపాట్లను సరిచేయించుకొనే వీలూ, కోపం చల్లారే వ్యవధీ రెండూ దొరుకుతాయి. ఫోన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒడ్డు కనిపించగానే సిగ్నల్ వచ్చిందనుకొని ఫోన్ తెరిస్తే, అది ఒడ్డు మీది నెట్‌వర్క్‌కు బదులు నౌకలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగులుకొని పెద్ద బిల్లు తెచ్చిపెట్టవచ్చు కాబట్టి, నేల మీద కాలు పెట్టేదాకా దాన్ని ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచాలి.

లాంచీ ప్రయాణానికి ఇన్ని తతంగాలు లేవు గాని, దాని ముగింపుకు గడియారంతో ముడి ఉంది. సాగర్‌లో ఎక్కినవారు శ్రీశైలం ఆనకట్ట దిగువన లింగాలగట్టు వద్ద దిగి, కొండెక్కి దర్శనం చేసుకొని, దోర్నాల మీదుగా ఇల్లు చేరాలి. ఆ దారి పులుల అభయారణ్యం గుండా సాగుతుంది కాబట్టి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అటవీ శాఖ గేట్లు మూసి రాకపోకలను ఆపుతుంది. ఈ సంగతి తెలిసి కూడా దర్శనం, రోప్‌వే, సంతలో కొనుగోళ్లు అన్నీ ఒకే సాయంత్రంలో కుదించుకొని, గేటు మూసేలోగా ఘాటు రోడ్డు దాటాలని డ్రైవరును తొందరపెట్టే కుటుంబాలు ఉన్నాయి. ఆ మలుపుల్లో తొందర ప్రాణాంతకం. ఆ రాత్రి కొండ మీదే నిద్ర చేసి, ఉదయం గేటు తెరిచాక బయలుదేరితే, నల్లమల అడవిని పగటి వెలుగులో చూసే అవకాశం కూడా కలుగుతుంది. అదే ఉదయం పిల్లలకు శ్రీశైలం జలాశయాన్ని చూపించి, ఆ నీటినే కొల్లంవాగు దగ్గర నుంచి కొండను తొలిచిన సొరంగాల ద్వారా మార్కాపురం, గిద్దలూరు వైపు తేవడానికి వెలిగొండ ప్రాజెక్టును చేపట్టారని చెబితే, తమ ఊరి ఎండిన బావికీ ఆ నీలి నీటికీ ఉన్న సంబంధం వారికి పాఠ్యపుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. నీటి మీద ఉన్నంతసేపూ, చివరి అరగంటతో సహా, లైఫ్ జాకెట్ తీయకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తరువాత ఈ మాటకు వేరే సమర్థన అక్కరలేదు.

ఇక ఈ అధ్యాయంలో అన్నిటికంటే సున్నితమైన విషయం చివరి రాత్రి మాటలది. ఈ మెట్ట ప్రాంతం నుంచి చదువుల కోసం, ఉద్యోగాల కోసం హైదరాబాదుకు, బెంగళూరుకు, విదేశాలకు వెళ్లిన పిల్లలు, ఊళ్లో మిగిలిన తల్లిదండ్రులు ఒకే చోట నాలుగు రోజులు గడపడం ఇటువంటి యాత్రల్లోనే సాధ్యమవుతుంది. అందుకే ఏళ్లుగా వాయిదా పడిన మాటలన్నీ అక్కడ పోగవుతాయి: పొలం ఎవరు చూసుకోవాలి, పాత ఇల్లు అమ్మాలా, అమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఎప్పుడు, నాన్న ఒంటరిగా ఎన్నాళ్లు ఉండగలడు. మొదటి రోజుల్లో సరదా చెడుతుందని ఎవరూ ఆ ప్రస్తావన తేరు. చివరి రాత్రి మాత్రం, మళ్లీ ఎప్పుడు కలుస్తామో అన్న ఆదుర్దాలో, భోజనాల బల్ల దగ్గర ఎవరో ఒకరు మొదలుపెడతారు. అప్పటికి అందరూ అలిసి ఉంటారు, తెల్లవారితే ఎవరి దారి వారిది, మాట జారినా దాన్ని సరిదిద్దుకోవడానికి మరో పూట మిగలదు. ఆస్తి, అనారోగ్యం, బాధ్యతల వంటి విషయాలకు చివరి రాత్రికంటే అననువైన సమయం లేదు. మాట్లాడి తీరవలసిందే అయితే యాత్ర నడిమి రోజున, పెద్దలు నిద్ర లేచి తేరుకున్నాక, పిల్లలు ఆటల్లో ఉన్నప్పుడు మాట్లాడాలి. అప్పుడు కలిగిన నొప్పి మానడానికి కనీసం రెండు భోజనాలు కలిసి చేసే వ్యవధి ఉంటుంది. అలా కుదరకపోతే చివరి రాత్రి విషయాన్ని తెరవకుండా, ఏ తేదీన ఎవరు ఊరికి వచ్చి కూర్చొని మాట్లాడతారో మాత్రమే ఖాయం చేసుకోవాలి. తల్లిదండ్రులకు ఆ తేదీయే సగం ధైర్యం.

చివరి రాత్రిని అలా ఖాళీ చేసుకున్నాక దాన్ని దేనితో నింపాలన్న ఆరాటం కూడా అక్కరలేదు. తాత తన చిన్నప్పటి కంభం చెరువు కబుర్లు చెబితే వినడం, పిల్లలు ఎక్కువగా నవ్విన ఘట్టాన్ని మళ్లీ చెప్పించుకోవడం చాలు. పెద్దవారికి ఇది చివరి పెద్ద ప్రయాణం కావచ్చునన్న ఊహ పిల్లల మనసులో మెదిలితే, దాన్ని పైకి అనవలసిన పని లేదు గాని, ఆ ఊహను అణచుకోవడానికి కెమెరా వెనక దాక్కోవడం కంటే వారి పక్కన కూర్చోవడం మంచిది.

దిగిన తరువాత శరీరం కొన్ని గంటలు, కొందరిలో ఒకటి రెండు రోజులు, ఇంకా నీటి మీదే ఉన్నట్టు ఊగుతుంది. ఓడ కదలికకు అలవాటుపడిన చెవిలోని సమతుల్య యంత్రాంగం, మెదడు, మళ్లీ కదలని నేలకు సర్దుకొనే క్రమంలో ఇలా జరుగుతుంది. చాలామందిలో ఇది తనంతట తానే తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. వయసు మళ్లినవారు ఈ వ్యవధిలో పడిపోకుండా మెట్ల దగ్గర, స్నానాలగదిలో చేయి పట్టుకొనే మనిషి ఉండాలి, దిగిన రోజే ఎవరూ దూర ప్రయాణానికి కారు నడపకూడదు. విశాఖలో దిగినవారు గుంటూరు, వినుకొండ మీదుగా మార్కాపురం రోడ్డు స్టేషను దాకా వచ్చే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ వంటి రైలును ఎంచుకుంటే, రాత్రంతా కారు నడిపే అవస్థ తప్పుతుంది.

ఇల్లు చేరిన మర్నాడే ఆఫీసుకూ బడికీ పరుగెత్తేలా సెలవులను బిగించి పెట్టుకోవడం, ఒక రోజు జీతం మిగుల్చుకోవడానికి చేసే పనే అయినా, ఖరీదైన పొదుపు. సెలవు వల్ల కలిగిన ఆరోగ్యం, ఉత్సాహం పనిలో పడిన తొలి వారంలోనే చాలావరకు కరిగిపోతాయని యెస్సికా డె బ్లూమ్ వంటి పరిశోధకులు గమనించారు. ఆ కరిగిపోవడాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, మధ్యలో ఒక ఖాళీ రోజు ఉంటే బట్టలు ఆరతాయి, పెద్దలు నిద్రపోతారు, పిల్లలు తమ తోటివారికి కబుర్లు చెప్పుకుంటారు. అదే వారంలో వచ్చే ఆదివారం చుట్టుపక్కలవారిని పిలిచి భోజనం పెట్టి, తెచ్చిన ప్రసాదమో మిఠాయో పంచితే, సమారాధన చేసిన పని నేటి కుటుంబానికి కూడా చేసినట్టవుతుంది. ఫోన్లలో పేరుకున్న వందల ఫొటోల్లోంచి ఒక పదింటిని మార్కాపురంలోనో గిద్దలూరులోనో స్టూడియోలో కాగితం మీద అచ్చు వేయించి, వెనక తేదీ, చోటు, అందులో ఉన్నవారి పేర్లు పెన్నుతో రాసి ఊళ్లోని పెద్దవారి చేతికి ఇవ్వాలి. ఫోన్ తెర మీద వేలు జరపడం రానివారికి యాత్ర తిరిగి దొరికేది ఆ కాగితాల మీదే కాబట్టి ఈ పనిని పండగదాకా వాయిదా వేయకూడదు.